అరటికాయ పొడి నుంచి అతిమధురం దాకా: కడుపు పుండు దగ్గర మొక్కలు చేసే పని ఎంత?

గోదావరి డెల్టాలో అరటి చెట్టు లేని పెరడు అరుదు. రావులపాలెం యార్డుకి ఏడాది పొడుగునా గెలలు వస్తూనే ఉంటాయి. అందుకే "పచ్చి అరటికాయ ఎండబెట్టి పొడి చేసుకుని రోజూ ఒక చెంచా తింటే అల్సర్ పోతుంది" అన్న మెసేజ్ ఫోన్లోకి వస్తే మనవాళ్లు చప్పున నమ్ముతారు. ఖర్చు లేదు, పెరట్లో దొరికేదే, తింటే పోయేదేముంది అనిపిస్తుంది. పైగా ఈ మాట ఊరికే పుట్టింది కాదు. దీని వెనక అరవై ఏళ్లకు పైబడిన ప్రయోగాలున్నాయి, వాటిలో కొన్ని మన దేశంలోనే జరిగాయి.

చిక్కల్లా ఏమిటంటే, ఆ ప్రయోగాలు చెప్పింది ఒకటి, మెసేజ్ చెప్పేది ఇంకొకటి. "ఈ సారం ముందుగా ఇస్తే కడుపు గోడ దెబ్బతినలేదు" అంటుంది ప్రయోగం. "ఉన్న పుండు మానిపోతుంది" అంటుంది మెసేజ్. చదివినవాళ్లు మరో అడుగు ముందుకేసి "అయితే డాక్టరు రాసిన కోర్సు అక్కర్లేదు" అనుకుంటారు. కాపాడటం, మాన్పడం, పుండుకు కారణమైనదాన్ని తీసేయడం మూడు వేర్వేరు పనులు. ఏ మొక్క వీటిలో ఏది చేస్తుందో విడదీసి చూడకపోతే మనకు మిగిలేది గందరగోళమే.

కడుపు తనను తాను ఎందుకు అరిగించుకోదు

కడుపులో ఊరేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఖాళీ కడుపులో దాని పీహెచ్ (ఆమ్ల తీవ్రతకు కొలత; 7 అంటే తటస్థం, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం తీవ్రం) 1.5 నుంచి 2 దాకా ఉంటుంది. మాంసకృత్తుల్ని ముక్కలు చేసే పెప్సిన్ దానికి తోడు. పులస ముక్కను కరిగించే ఆ రసం కడుపు గోడ జోలికి పోకపోవడానికి కారణం గోడకున్న కాపుదల. లోపలి వైపు జిగురు పొర ఒకటి పరుచుకుని ఉంటుంది. ఆ జిగురులోకి గోడ కణాలు బైకార్బనేట్ వదులుతుంటాయి కాబట్టి, గోడను ఆనుకున్న చోట పీహెచ్ 7కి దగ్గరగా ఉంటుంది. పైపొర కణాలు కొద్ది రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. కింద పారే రక్తం లోపలికి చొరబడిన ఆమ్లాన్ని కడిగేస్తుంది. ఈ పనులన్నీ సవ్యంగా సాగేలా చూసే రసాయనాలు ప్రోస్టాగ్లాండిన్లు.

వరద రోజుల్లో మన ఏటిగట్టును తలచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గండి పడకుండా ఉండాలంటే నీటి మట్టం తగ్గాలి, లేదా గట్టు బలపడాలి, లేదా గట్టులో బొరియలు తవ్వే ఎండ్రకాయల్ని వదిలించాలి. ఒమెప్రజోల్, పాంటప్రజోల్ లాంటి మాత్రలు చేసేది మొదటి పని. ఇప్పటిదాకా పరీక్షించిన మొక్కల సారాల్లో ఎక్కువ భాగం చేసేది రెండో పని. మూడో పని దగ్గరే మొక్కలు వెనకబడతాయి.

ఆ బొరియలు తవ్వేవి ముఖ్యంగా రెండు. మొదటిది హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ దీన్ని 1982లో ప్రయోగశాలలో పెంచగలిగారు. కడుపు ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బతకదని వైద్యలోకం గట్టిగా నమ్ముతున్న రోజులవి. మాట చెల్లకపోవడంతో 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగాడు. కొద్ది రోజుల్లో వాంతులు, కడుపు వాపు వచ్చాయి. ఇద్దరికీ 2005లో నోబెల్ వచ్చింది. రెండోది నొప్పి మాత్రలు: డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వగైరా. ఇవి ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటాయని జాన్ వేన్ 1971లో చూపించాడు. నొప్పి తగ్గేది అందువల్లే. కడుపు గోడకు కాపుదల పోయేదీ అందువల్లే.

కారం, టెన్షన్, వేళ తప్పి తినడం మంటను పెంచవచ్చు. కానీ అసలు పుండు పడ్డవాళ్లలో వెతకాల్సింది ముందుగా ఈ రెండింటినే.

ఎలుక కడుపులో ఏం జరుగుతుంది

"ఫలానా ఆకు అల్సర్‌ను తగ్గిస్తుందని శాస్త్రవేత్తలు తేల్చారు" అన్న వార్త వెనక దాదాపు ప్రతిసారీ ఒక ఎలుక ఉంటుంది. మన ఫార్మసీ కాలేజీల్లో ఎం.ఫార్మసీ ప్రాజెక్టుగా చేసేదీ తరచు ఇదే. రోజంతా పస్తుంచిన ఎలుకకు ఆకు సారం తాగిస్తారు. సుమారు గంట తర్వాత శుద్ధమైన ఆల్కహాల్ కడుపులోకి పోస్తారు. ఇంకో గంటకు కడుపు తెరిచి, ఎర్రటి చారలు ఎన్ని పడ్డాయో కొలుస్తారు. సారం తాగిన ఎలుకలో చారలు తక్కువుంటే ఆ మొక్కకు రక్షణ గుణం ఉన్నట్టు.

200 గ్రాముల ఎలుకకు మామూలుగా ఇచ్చేది 1 మిల్లీలీటరు ఆల్కహాల్. బరువు లెక్కన 60 కిలోల మనిషికి అది 300 మిల్లీలీటర్లు, అదీ నీటి చుక్క కలపకుండా. ఆ దెబ్బకు వచ్చేది అప్పటికప్పుడు పైపొర కాలిపోవడం. మనిషిలో నెలల తరబడి ఉండే పుండు గోడ లోపలి పొరల్లోకి దిగిపోయి, చుట్టూ మచ్చ కట్టి ఉంటుంది. ఒకటి రెండు గంటల్లో ముగిసే ప్రయోగం ఆ పుండు గురించి పెద్దగా చెప్పలేదు. కడుపు దిగువ ద్వారాన్ని దారంతో కట్టేసి ఆమ్లం పేరుకునేలా చేసే పద్ధతి 1945 నాటిది, అదీ కొద్ది గంటల వ్యవహారమే. మనిషి పుండుకు కొంత దగ్గరగా వచ్చేది, జపాన్‌లో తకాగి, ఒకాబే 1969లో ప్రవేశపెట్టిన పద్ధతి. అందులో ఎసిటిక్ ఆమ్లంతో పుండు చేసి, అది వారాల తరబడి ఎలా మానుతుందో చూస్తారు. ఒక మొక్క గురించి చదివినప్పుడు ఈ పరీక్ష చేశారా అని వెతకడం మంచిది. చాలా వ్యాసాల్లో అది ఉండదు. పైలోరీ బ్యాక్టీరియా అయితే ఆ ఎలుకల కడుపులో అసలే ఉండదు.

ఇక్కడే అంతగా ప్రచారం లేని సంగతి ఒకటుంది, నాకు ఈ రంగంలో అన్నిటికంటే ముఖ్యమనిపించేది కూడా ఇదే. ప్రోస్టాగ్లాండిన్లు ఇస్తే శుద్ధ ఆల్కహాల్ నుంచి సైతం ఎలుక కడుపు తప్పించుకుంటుందని ఆండ్రే రాబర్ట్ అనే పరిశోధకుడు 1979లో చూపించాడు. తర్వాత ఆయన బృందమే ఇంకో విషయం గమనించింది. ముందుగా పలచటి ఆల్కహాల్‌నో, పలచటి ఆమ్లాన్నో ఇచ్చి కడుపును కాస్త గిల్లితే, ఆ తర్వాత పడే పెద్ద దెబ్బను కడుపు తట్టుకుంటోంది. చిన్న చికాకుకే గోడ మేలుకుని ప్రోస్టాగ్లాండిన్లు ఎక్కువగా తయారుచేసుకుంటోందన్నమాట. అంటే వగరు, చేదు, ఘాటు ఉన్న ఎన్నో ఆకుల సారాలు ఎలుకను కాపాడటానికి వాటిలో అద్భుతమైన మందే ఉండక్కర్లేదు, కాస్త మంట పుట్టించినా చాలు. వగరు మొక్కల్లోని టానిన్లకు ఇంకో గుణం కూడా ఉంది. అవి పైపొరలోని మాంసకృత్తుల్ని గట్టిపరిచి ఒక పూతలా నిలుస్తాయి. జామాకు, నేరేడు బెరడు లాంటివి ఇలాంటి పరీక్షల్లో నెగ్గడం ఇందుకే వింతేం కాదు.

అన్నిటికీ మించి మోతాదు. ఎలుకలకు తరచు కిలో బరువుకు 200 నుంచి 400 మిల్లీగ్రాముల సారం ఇస్తారు. మనిషికి మార్చాలంటే శరీర ఉపరితలాన్ని బట్టి సుమారు 6.2తో భాగిస్తారు. 400 మిల్లీగ్రాముల లెక్కన 60 కిలోల మనిషికి వచ్చేది దగ్గర దగ్గర 3.9 గ్రాముల సారం. ఎండిన ఆకులో పదో వంతు సారంగా దిగిందనుకుంటే రోజుకు 39 గ్రాముల ఎండాకు కావాలి. పచ్చి ఆకులో ముప్పాతిక వంతు నీరే అనుకుంటే 150 గ్రాములు దాటుతుంది. రెండు ఆకులు కోసి టీలో వేసుకోవడానికీ దీనికీ సంబంధం లేదు.

అరటి కథ పూర్తిగా

అరటిని ఇంత వివరంగా చెప్పడానికి కారణం, ఎలుకల మీద నిలబడిన సాక్ష్యాల్లో దానిది మెరుగైన స్థానం. 1960లలో మన దేశంలో సన్యాల్ బృందం అరటికాయ పొడిని జంతువుల మీద పరీక్షించి రక్షణ కనిపించిందని రాసింది. 1984లో బ్రిటన్ పరిశోధకులు ఎండబెట్టిన పచ్చి కూర అరటి పొడిని ఆస్పిరిన్ పుండ్ల మీద చూశారు. ముందుగా పెట్టినప్పుడు పుండ్లు తగ్గాయి, పుండు పడ్డాక పెట్టినా మానడం కనిపించింది. ఆమ్లాన్ని తగ్గించడం వల్ల కాక, కడుపు లోపొర పెరిగి మందమవడం వల్ల ఇది జరుగుతోందని వాళ్లు భావించారు. 1999లో అందులోని ఒక ఫ్లేవనాయిడ్‌ను (మొక్కల్లో ఉండే ఒక రకం రసాయనం), లూకోసయనిడిన్‌ను, ఆ గుణానికి కారణంగా గుర్తించారు.

ఆ 1984 పరిశోధనలో మనకు పనికొచ్చే వివరం ఇంకోటి ఉంది. కూర అరటి రకాలు పనిచేశాయి, అదీ రకాన్ని బట్టి ఎక్కువ తక్కువలుగా. పండుగా తినే అరటి పనిచేయలేదు. బజారులో అమ్మే అరటి పొడులు కూడా పనిచేయలేదు. కాబట్టి చక్కెరకేళి, అమృతపాణి, కర్పూరం పండ్లు ఎన్ని తిన్నా ఈ లెక్కలోకి రావు. బొంత అరటికాయ రావచ్చు. కానీ పరీక్షించింది ఎండు పొడిని, ఆవ పెట్టిన కూరను కాదు. ఉడికించి, తాలింపు పెట్టాక ఆ ఫ్లేవనాయిడ్ ఎంత మిగులుతుందన్నది వేరే ప్రశ్న.

మనుషుల సంగతికొస్తే, 1990లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఢిల్లీ వైద్యులు అరటి పొడి గురించి రాశారు. వాళ్లు చూసింది పుండు లేకుండా కడుపు మంట, బరువు, అజీర్తితో బాధపడేవాళ్లను. చాలామందికి ఊరట దొరికింది. అది విలువైన సంగతే. మన దగ్గర "గ్యాస్ ట్రబుల్" అని బాధపడేవాళ్లలో ఎక్కువమందికి ఎండోస్కోపీలో పుండు కనపడదు, వాళ్లకు అరటికాయ పొడి ప్రయత్నించి చూడదగ్గదే. నిజంగా పుండు ఉన్నవాళ్లకు అదే సలహా చెల్లదు.

మిగతా మొక్కలు

మొక్క నుంచి నిజంగా మందు అయ్యేదాకా వచ్చింది అతిమధురం. 1940లలో రెవర్స్ అనే డచ్ వైద్యుడు అతిమధురం తీసుకుంటున్న పుండు రోగులకు బాగవుతోందని గమనించాడు. ఆ వేరులోని పదార్థం ఆధారంగా 1960ల మొదట్లో కార్బెనాక్సొలోన్ అనే మందు తయారైంది. కడుపు పుండును మాన్పుతుందని మనుషుల మీద పరీక్షల్లో నిరూపణ అయిన తొలి మందుల్లో ఇదొకటి. ఆ రోజుల్లో వైద్యులకు అదెంత పెద్ద సంగతో! కానీ దాంతోపాటే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయేవి, పొటాషియం పడిపోయేది, రక్తపోటు పెరిగేది. ఆమ్లం తగ్గించే మందులు, 1976లో సిమెటిడిన్, 1988లో ఒమెప్రజోల్ వచ్చాక కార్బెనాక్సొలోన్ వెనక్కి తగ్గింది. ఉప్పు, నీరు నిలిపి బీపీ పెంచే ఆ గుణం అతిమధురం వేరులో ఇప్పటికీ ఉంది. బీపీకి మాత్రలు, ముఖ్యంగా నీరు తీసే మాత్రలు వాడేవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు రోజూ అతిమధురం చూర్ణం తినడం ప్రమాదం. ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి వెళ్లినా ఈ మందుల జాబితా ఆయన ముందు పెట్టాల్సిందే.

వేప బెరడు నీటి సారం మీద కోల్‌కతాలోని శాస్త్రవేత్తలు 2004లో ప్రచురించిన పరిశోధన ఉంది. 30 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, పది రోజులు ఇస్తే ఆమ్లం 77 శాతం తగ్గిందని, పది వారాలు వాడినవాళ్లలో చిన్నపేగు మొదట్లో ఉన్న పుండ్లు దాదాపు మానాయని రాశారు. ఆసక్తికరమైన ఫలితమే, కాకపోతే చూసింది కొద్దిమంది రోగుల్ని. అది బెరడు నుంచి శుద్ధిచేసి తీసిన సారం, పరగడుపున వేపాకు నమలడం కాదు. వేపనూనె మాత్రం కడుపులోకి ఎవరూ తీసుకోకూడదు, పసిపిల్లలకు అది ప్రాణం మీదికి తెస్తుంది.

పసుపు విషయంలో ఫలితాలు తలోదారి. వియత్నాంలో పుండు రోగులకు ఇచ్చిన పసుపు ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదు. 2023లో థాయిలాండ్ వైద్యులు పసుపులోని కర్క్యుమిన్‌ను ఒమెప్రజోల్‌తో పోల్చినప్పుడు రెండూ ఇంచుమించు సమానంగా పనిచేశాయి. పత్రికలు దాన్ని "పసుపు అల్సర్ మందుకు సమానం" అని రాసేశాయి. వాళ్లు చూసింది పుండు లేని అజీర్తిని. మళ్లీ అదే పొరపాటు.

కారం మాటేమిటి? పచ్చడి లేనిదే ముద్ద దిగని మనకు ఇది సంతోషం కలిగించే వార్త. 1995లో సింగపూర్‌లో 18 మంది ఆరోగ్యవంతులకు 20 గ్రాముల మిరప పొడి నీళ్లలో ఇచ్చి, తర్వాత ఆస్పిరిన్ ఇచ్చారు. మిరప తీసుకున్నప్పుడు కడుపు లోపొర తక్కువగా దెబ్బతింది. మిరపలోని కాప్సైసిన్ కడుపు గోడలోని నరాలను కదిలించి రక్తప్రసరణ పెంచుతుందన్నది దానికి చెప్పే కారణం. పుండుతో మంట ఉన్నవాళ్లు ఆవకాయ పెంచమని దీనర్థం కాదు. కారం వల్లే పుండు పడిందని ఇంట్లోవాళ్లు నిందించే అలవాటు మాత్రం మానుకోవచ్చు.

బ్యాక్టీరియా ముందు మొక్కలు

గాజు పళ్లెంలో పైలోరీని చంపే మొక్కలు లెక్కలేనన్ని. కడుపులో పరిస్థితి వేరు. బ్యాక్టీరియా జిగురు పొర అడుగున దాక్కుంటుంది, తాగిన కషాయం కొద్దిసేపట్లోనే పేగులోకి జారిపోతుంది. జపాన్‌లో 48 మందితో బ్రోకలీ మొలకల పరీక్ష జరిగింది. రోజుకు 70 గ్రాములు, ఎనిమిది వారాలు తిన్నవాళ్లలో బ్యాక్టీరియా తగ్గింది, కడుపు వాపు తగ్గింది. తినడం ఆపిన రెండు నెలలకు అంతా మళ్లీ మొదటికొచ్చింది. బ్యాక్టీరియా అణిగిందే తప్ప పోలేదు. అది పోకపోతే ఏమవుతుందో పాత అనుభవం చెబుతోంది. ఆమ్లం తగ్గించే మాత్రలతో మాత్రమే మాన్పిన రోజుల్లో, మందు ఆపిన ఏడాదిలోపు సగానికి పైగా రోగులకు పుండు తిరగబెట్టేది. బ్యాక్టీరియాను నిర్మూలించాక ఆ సంఖ్య పది శాతం లోపుకు దిగింది.

అయినా మొక్కలకూ తిండికీ ఇందులో పాత్ర లేదనడం తొందరపాటే. పైలోరీ ప్రపంచంలో దాదాపు సగం మందిలో ఉండేదే, వాళ్లలో పుండు పడేది పది, పదిహేను శాతానికి. మిగతావాళ్లను ఏది కాపాడుతోంది? మైసూరులో ఏళ్ల తరబడి పనిచేసిన ఇంగ్లీషు సర్జన్ ఫ్రాంక్ టోవీ ఈ ప్రశ్న వెంట పడ్డాడు. పేగు మొదట్లో వచ్చే పుండ్లు వరి అన్నం ప్రధానంగా తినే దక్షిణాదిలో ఎక్కువని, పాలిష్ పట్టని గోధుమ తినే ఉత్తరాదిలో తక్కువని ఆయన గమనించాడు. బ్యాక్టీరియా రెండు చోట్లా విస్తారంగానే ఉంది కదా మరి! ఆయన బృందం ఎలుకల మీద చూసినప్పుడు ఉలవల్లోని కొవ్వు పదార్థాలు కాపాడాయి. తాజా తవుడు నూనె కాపాడితే, నిల్వ ఉండి ముక్కిపోయినది పుండ్లు పెంచింది. ఇవీ ఎలుకల ఫలితాలే కనుక పైన చెప్పిన జాగ్రత్తలన్నీ వీటికీ వర్తిస్తాయి. కానీ మూడు పూటలా మర బియ్యపు అన్నమే తినే డెల్టాలో, ఉలవచారును విందు భోజనాలకే వదిలేసిన మనకు ఇది ఆలోచించాల్సిన విషయం. మొక్కలకు సరైన చోటు మందు సీసాలో కంటే రోజువారీ పళ్లెంలో ఉందని నేను నమ్మడానికి టోవీ పని ఒక ముఖ్యమైన కారణం.

మన ఊళ్లలో జరిగేది

ఊడ్పుల్లో రోజంతా వంగి నాట్లేసిన ఆడవాళ్లకు నడుం నొప్పి, కొబ్బరి దింపు, ఒలుపు పనివాళ్లకు భుజాలు, పెద్దవాళ్లకు మోకాళ్లు. మందుల షాపులో చీటీ లేకుండానే నొప్పి మాత్ర దొరుకుతుంది, ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది దొరుకుతుంది. సూదిగా వేయించుకుంటే కడుపుకి ఏమీ కాదని చాలామంది అనుకుంటారు. ప్రోస్టాగ్లాండిన్లను రక్తం ద్వారానే అది అడ్డుకుంటుంది కాబట్టి సూదితోనూ పుండు పడుతుంది. ఇలా నొప్పి మాత్ర రోజూ వేసుకుంటూ మంటకు ఆకు రసం తాగేవాళ్లను చూస్తే బాధేస్తుంది. వాళ్లు నమ్ముకున్న రసాల్లో చాలావాటికి బలం ప్రోస్టాగ్లాండిన్లను పెంచడమే. ఆ తయారీనే మాత్ర మూసేస్తోంది.

ఇంకో ప్రమాదం "పూర్తిగా మూలికలే" అని చెప్పి అమ్మే కీళ్ల నొప్పుల పొడులు. ఇలాంటి వాటిలో స్టెరాయిడ్లు, డైక్లోఫెనాక్ కలిపినట్టు మన దేశంలో పరీక్షల్లో బయటపడింది. ఒక పూటకే నొప్పి మాయం చేసే పేరులేని పొడి ఏదైనా సరే, అనుమానించాల్సిందే.

గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు మాత్రం ఇది చదివి మాత్ర ఆపేయకూడదు. కడుపును కాపాడే మాత్ర తోడుగా కావాలా అని డాక్టరును అడిగితే చాలు.

తారులా నల్లటి, జిగట విరేచనం అయినా, వాంతిలో నెత్తురు లేదా కాఫీ పొడి లాంటి రంగు కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, ముద్ద దిగడం కష్టమైనా ఏ చిట్కా కోసమూ ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఐరన్ మాత్రలు వాడేవాళ్లకు విరేచనం నల్లగానే ఉంటుంది, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. కడుపు క్యాన్సర్ కూడా మొదట్లో పుండులాగే కనిపించవచ్చు. నెలల తరబడి మంటను కషాయంతోనో, సొంతంగా కొనుక్కున్న మాత్రతోనో అణచిపెడితే అది ఆలస్యంగా బయటపడుతుంది.

పైలోరీ ఉందని తేలితే రెండు, మూడు యాంటీబయాటిక్స్, ఆమ్లం తగ్గించే మాత్ర కలిపి మామూలుగా 14 రోజులు ఇస్తారు. నాలుగు రోజులకే మంట తగ్గుతుంది, కోర్సు మధ్యలో ఆపేసేవాళ్లు అక్కడే ఆపేస్తారు. అలా ఆపితే బతికి బయటపడిన బ్యాక్టీరియాకు ఆ మందులు మళ్లీ పనిచేయకపోవచ్చు. కోర్సు నడుస్తున్నప్పుడు బొంత అరటికాయ, ఉలవలు, మజ్జిగ తినడానికి అడ్డేమీ లేదు. సీసాల్లో, క్యాప్సూళ్లలో వచ్చే సారాలు మాత్రం డాక్టరుకు చెప్పే వేసుకోవాలి. కోర్సు ముగిశాక కనీసం నాలుగు వారాలు ఆగి, శ్వాస పరీక్షో మల పరీక్షో చేయించుకుని బ్యాక్టీరియా నిజంగా పోయిందో లేదో తేల్చుకోవాలి. డాక్టరును అడిగి, ఆ పరీక్షకు రెండు వారాల ముందు నుంచి పాంటప్రజోల్ లాంటి మాత్ర ఆపాలి. లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా రిపోర్టులో లేనట్టు రావచ్చు.